ఒరిజినల్ డిస్క్ ఉన్నా పాత గేమ్ విండోస్ 10, 11లో ఓపెన్ కావట్లేదా? ఇలా చేసి చూడండి

గేమ్ చక్కగా ఇన్‌స్టాల్ అయిపోతుంది. షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేస్తే మౌస్ బాణం పక్కన నీలం చక్రం ఒకసారి తిరిగి ఆగిపోతుంది, ఆ తర్వాత ఇంకేమీ ఉండదు. ఎర్రర్ రాదు, స్క్రీన్ మారదు, టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని చూస్తే గేమ్ పేరు క్షణంపాటు కనబడి మాయమవుతుంది. 2000 నుంచి 2008 దాకా డబ్బులు పెట్టి కొనుక్కున్న గేమ్ డిస్కులు ఇంకా దాచుకున్నవాళ్లకి కొత్త విండోస్‌లో తరచూ ఎదురయ్యేది ఇదే. కొందరు డిస్క్ పాడైందనుకుని పక్కన పడేస్తారు, ఇంకొందరు గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చి, కంపాటిబిలిటీ మోడ్‌లన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూసి విసిగిపోతారు. తొందరపడి డిస్క్ పారేయకండి. చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది, గేమూ బాగానే ఉంటుంది, మధ్యలో ఉన్న కాపీ ప్రొటెక్షన్, అంటే నకలు డిస్కులతో ఆడకుండా కంపెనీ పెట్టిన తాళం, ఒక్కటే అడ్డం పడుతుంది.

అసలు జరిగేదేంటో ముందు తెలుసుకుంటే మిగతా పని తేలికవుతుంది. అప్పట్లో గేమ్ కంపెనీలు సేఫ్‌డిస్క్, సెక్యూరామ్, స్టార్‌ఫోర్స్, లేజర్‌లాక్, టాజెస్ లాంటి ప్రొటెక్షన్లు కొనుక్కుని తమ డిస్కుల్లో పెట్టేవి. గేమ్ మొత్తం హార్డ్ డిస్క్‌లోకి ఎక్కేసినా సరే, ఆడే ప్రతిసారీ ఒరిజినల్ డిస్క్ డ్రైవ్‌లో ఉందో లేదో ఇవి చూస్తాయి. మాక్రోవిజన్ వాళ్ల సేఫ్‌డిస్క్ మొదటి వెర్షన్లలో డిస్క్ మీద కావాలనే చదవడానికి వీల్లేని సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న గళ్లు) పెట్టేవాళ్లు, మామూలుగా కాపీ చేస్తే ఆ లోపాలు కాపీలోకి రావు కాబట్టి ఇది నకలని గేమ్ పట్టేసేది. సోనీ డీఏడీసీ వాళ్ల సెక్యూరామ్ అయితే డేటాతో పాటే నడిచే సబ్‌ఛానల్ సమాచారాన్ని, తర్వాతి వెర్షన్లలో డిస్క్ మీద డేటా ఎక్కడ ఎంత ఒత్తుగా ఉందన్న కొలతను చూసేది. గేమ్ ఓపెన్ చేయగానే డ్రైవ్ ఒక్కసారిగా స్పీడ్ అందుకుని, మళ్లీ తగ్గి, లోపల లెన్స్ టకటకమని అటూఇటూ కదిలిన శబ్దం వచ్చి, అంతా అయ్యాకే లోగో పడేది గుర్తుందా? డ్రైవ్ ఆ చదవలేని చోటుకి పదేపదే వెళ్లి రావడం వల్ల వచ్చిన శబ్దం అది. డ్రైవ్ కాస్త పాతదైనా, డిస్క్ మీద నాలుగు గీతలున్నా ఈ పరీక్ష తప్పేది. రేషన్ షాపులో వేలిముద్ర పడక అసలు కార్డుదారే ఖాళీ సంచితో తిరిగొచ్చినట్టు, డబ్బు కట్టి కొన్నవాడి డిస్క్‌నే నకలని తోసేసేది. కోఠీ ఫుట్‌పాత్ మీద నకిలీ డిస్క్ కొన్నవాడికి ఈ బాధే లేదు, ఎందుకంటే అందులో ఆ చెకింగ్ ముందే తీసేసి ఉండేది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం ఇదే.

ఇక విండోస్ సంగతి. సేఫ్‌డిస్క్ తన పని కోసం విండోస్ లోపలి పొరల్లో నడిచే ఒక డ్రైవర్ (డిస్క్ పెట్టే డ్రైవ్ కాదు, ఒక చిన్న ప్రోగ్రామ్) మీద ఆధారపడేది, ఇంగ్లీషులో దాని పేరు అక్షరాలు ఎస్‌ఈసీడీఆర్‌వీ, చివర డాట్ ఎస్‌వైఎస్. అంత లోతుగా నడిచే డ్రైవర్‌లో లోపం ఉంటే కంప్యూటర్ మొత్తం ఇతరుల చేతిలో పడుతుంది, ఈ డ్రైవర్‌లో నిజంగానే అలాంటి లోపం 2007లో బయటపడింది, దానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది డిసెంబర్‌లో ప్యాచ్ (లోపాన్ని సరిచేసే చిన్న అప్‌డేట్) ఇవ్వాల్సి వచ్చింది. 2015 జులైలో విండోస్ 10 వచ్చినప్పుడు ఈ డ్రైవర్‌ని పూర్తిగా పక్కన పెట్టేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్‌తో విస్టా, 7, 8లో కూడా దాన్ని ఆపేశారు. సెక్యూరిటీ పరంగా అది సరైన నిర్ణయమే, దాంట్లో నాకు సందేహం లేదు. కానీ గేమ్‌లు అమ్మిన కంపెనీలు, కొన్నవాళ్లకి చెకింగ్ తీసేసిన ఒక చిన్న ప్యాచ్ ఇచ్చి ఉండాల్సింది. చాలా కంపెనీలు ఇవ్వలేదు.

పని మొదలుపెట్టే ముందు మీ డిస్క్‌లో ఏ ప్రొటెక్షన్ ఉందో తేల్చుకోండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఫైల్స్ కనబడేలా సెట్టింగ్ పెట్టి డిస్క్ తెరవండి. 00000001 అనే పేరుతో టీఎంపీ ఫైల్ గానీ, సీఎల్‌సీడీ32 అనే డీఎల్ఎల్ గానీ, పైన చెప్పిన ఎస్‌ఈసీడీఆర్‌వీ ఫైల్ గానీ ఉంటే అది సేఫ్‌డిస్క్. లేజర్‌లాక్ పేరుతో దాచిన ఫోల్డర్ కనబడితే అది లేజర్‌లాక్, వేరే చెప్పక్కర్లేదు. సెక్యూరామ్ మాత్రం చాలాసార్లు గేమ్ ఫైల్ లోపలే కలిసి ఉంటుంది కాబట్టి బయటికి కనబడదు, అది ఇచ్చే మెసేజ్‌లను బట్టి తెలుస్తుంది: సెక్యూరిటీ మాడ్యూల్ యాక్టివేట్ కాలేదనో, ఎమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ (లేని డ్రైవ్‌ని ఉన్నట్టు నటింపజేసేది) ఉందనో, బ్యాకప్ కాకుండా ఒరిజినల్ డిస్క్ పెట్టమనో అడుగుతుంది. ఇవేవీ తేలకపోతే పీసీ గేమింగ్ వికీ సైట్‌లో మీ గేమ్ పేరు కొట్టండి, ఏ ఎడిషన్‌లో ఏ ప్రొటెక్షన్ ఉందో గేమ్ వారీగా రాసి ఉంటుంది. అన్నిటికంటే ముందు నేను చూసేది అదే. ఒకే గేమ్‌కి దేశాన్ని బట్టి, ముద్రణను బట్టి ప్రొటెక్షన్ మారొచ్చు కాబట్టి డిస్క్ కూడా ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

ఇన్‌స్టాలరే తెరుచుకోకపోతే అది వేరే జబ్బు. 1990లలో వచ్చిన చాలా గేమ్‌లకి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది, 64 బిట్ విండోస్‌లో అది నడవదు. దాన్ని ప్రొటెక్షన్ ఖాతాలో వేయకండి.

ఇప్పుడు పరిష్కారాలు. మొదట కంపెనీయే ఇచ్చిన ప్యాచ్ ఉందేమో వెతకండి, ఎందుకంటే ఇంతకంటే శుభ్రమైన దారి లేదు. బ్లిజార్డ్ 2008లో ఈ విషయంలో మంచి పని చేసింది: స్టార్‌క్రాఫ్ట్ 1.15.2, డయాబ్లో 2కి 1.12, వార్‌క్రాఫ్ట్ 3కి 1.21బి ప్యాచ్‌లతో డిస్క్ లేకుండా ఆడుకునే వీలు కల్పించింది. స్టార్‌క్రాఫ్ట్‌లో అయితే సీడీలో ఉన్న ఇన్‌స్టాల్ ఫైల్‌నే గేమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, పేరు స్టార్‌క్రాఫ్ట్ అని, ఎక్స్‌టెన్షన్ ఎంపీక్యూ అని మారిస్తే చాలు, ఆ తర్వాత డిస్క్ అడగదు. ది విచర్ 2 కూడా అంతే, 2011లో డిస్క్ ఎడిషన్ సెక్యూరామ్‌తో వచ్చింది, కొద్దిరోజులకే 1.1 ప్యాచ్‌తో దాన్ని తీసేశారు. కాబట్టి మీ గేమ్‌కి వచ్చిన చివరి అధికారిక ప్యాచ్ వేసి, ఆ ప్యాచ్‌తో వచ్చే రీడ్‌మీ ఫైల్ పూర్తిగా చదవండి. డిస్క్ అక్కర్లేదన్న మాట అందులో ఏదో మూల ఒక్క లైన్‌లో ఉంటుంది.

తర్వాత, అదే గేమ్ మళ్లీ అమ్మకానికి వచ్చిందేమో చూడండి. 2008లో సీడీ ప్రాజెక్ట్ వాళ్లు మొదలుపెట్టిన గాగ్ అనే ఆన్‌లైన్ షాపులో ఏ ప్రొటెక్షనూ లేకుండా పాత గేమ్‌లు అమ్ముతారు, ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్ చేసుకుని మన దగ్గరే దాచుకోవచ్చు. ది సిమ్స్ 2 డిస్కులున్నవాళ్లకి 2025 జనవరిలో విండోస్ 10, 11 కోసం లెగసీ కలెక్షన్ వచ్చింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది. ఒకసారి డబ్బు పెట్టి కొన్నదాన్ని మళ్లీ కొనమనడం నాకూ ఇష్టం లేదు, కానీ ఆఫర్‌లో రెండు మూడు వందలకి దొరికితే, మీ సమయం విలువ చూసుకుంటే, కొందరికి ఇదే మంచిది. ఒక్క జాగ్రత్త: పేరు చూసి కొనేయకండి. నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ అని డిజిటల్ షాపుల్లో కనబడేది 2012లో వచ్చిన వేరే గేమ్. రేజర్ చేతిలో బీఎండబ్ల్యూ పోగొట్టుకుని, బ్లాక్‌లిస్ట్‌లో పదిహేను మందిని ఒక్కొక్కరిగా ఓడించుకుంటూ పోయే 2005 గేమ్ అది కాదు. దానికి మీ దగ్గరున్న డిస్కే గతి.

ఆ 2005 మోస్ట్ వాంటెడ్ సేఫ్‌డిస్క్‌తో వచ్చింది కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఇలాంటి గేమ్‌ల కోసం సేఫ్‌డిస్క్‌షిమ్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, ప్రోగ్రామర్లు తమ టూల్స్ పెట్టే గిట్‌హబ్ సైట్‌లో దొరుకుతుంది. ఆ ప్రమాదకరమైన డ్రైవర్‌ని ఇది మళ్లీ తీసుకురాదు. డ్రైవర్‌ని గేమ్ అడిగే ప్రశ్నలకి, డ్రైవర్ బదులు తానే జవాబిస్తుంది, మిగతా చెకింగ్ ఎప్పటిలాగే జరుగుతుంది. అంటే మీ ఒరిజినల్ డిస్క్ డ్రైవ్‌లో ఉండాల్సిందే. ఇది క్రాక్ (చెకింగ్‌ని పూర్తిగా తీసేసిన దొంగ ఫైల్) కాదు, కొన్నవాడికి కొన్న గేమ్‌ని తిరిగి ఇచ్చే పని, అందుకే అధికారిక ప్యాచ్ లేని సేఫ్‌డిస్క్ గేమ్‌లకి నేను మొదట సూచించేది దీన్నే. చేయాల్సింది ఇంతే: గేమ్‌ని మామూలుగా ఇన్‌స్టాల్ చేసి, చివరి అధికారిక ప్యాచ్ (మోస్ట్ వాంటెడ్‌కి అది 1.3) వేసి, తర్వాత ఈ టూల్ ఇన్‌స్టాల్ చేసి, డిస్క్ పెట్టి గేమ్ నడపండి. సేఫ్‌డిస్క్‌లో వెర్షన్లు చాలా ఉన్నాయి, మీ గేమ్‌లో ఉన్నదానికి ఇది సరిపోతుందో లేదో టూల్ పేజీలో రాసిన వివరాలు చదివాకే డౌన్‌లోడ్ చేయండి. టూల్‌ని గిట్‌హబ్ పేజీ నుంచి తప్ప వేరే సైట్ల నుంచి దించొద్దు.

ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొనాలి. కొనేటప్పుడు బ్రాండ్ కంటే ముఖ్యమైనది కరెంటు: సన్నటి డ్రైవ్‌లు పూర్తిగా యూఎస్‌బీ నుంచే కరెంటు లాగుతాయి, హబ్‌కి తగిలిస్తే డిస్క్ తిరిగినట్టే తిరిగి మధ్యలో ఆగిపోతుంది, చెకింగ్ ఫెయిలవుతుంది. ల్యాప్‌టాప్‌లోని పోర్టుకే నేరుగా పెట్టండి. ఒక డ్రైవ్‌లో ఫెయిలైన డిస్క్ ఇంకో డ్రైవ్‌లో నడవడం మామూలే, కాబట్టి ఎవరి దగ్గరైనా వేరే డ్రైవ్ ఉంటే అడిగి పెట్టి చూశాకే డిస్క్ పోయిందని తేల్చండి.

ఇంట్లో విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్ మూలన పడి ఉంటే అది ఇంకా తేలికైన దారి. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఎస్‌సీ, కాన్ఫిగ్, ఎస్‌ఈసీడీఆర్‌వీ, ఈ మూడు మాటలూ ఇంగ్లీషులో స్పేస్‌లతో కొట్టి, చివర స్టార్ట్ అని రాసి వెంటనే ఈక్వల్ గుర్తు పెట్టి, ఒక స్పేస్ ఇచ్చి డిమాండ్ అని కొట్టండి. ఈక్వల్ తర్వాత స్పేస్ లేకపోతే కమాండ్ పనిచేయదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. తర్వాత ఎస్‌సీ, స్టార్ట్, ఎస్‌ఈసీడీఆర్‌వీ అని కొడితే డ్రైవర్ మొదలవుతుంది. ఆడటం అయిపోగానే ఎస్‌సీ, స్టాప్, ఎస్‌ఈసీడీఆర్‌వీ కొట్టి ఆపేయండి. విండోస్ 7కి 2020 జనవరి 14 నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, పైగా లోపమున్న డ్రైవర్‌ని మనమే తెరుస్తున్నాం, కాబట్టి ఆ కంప్యూటర్‌లో ఇంటర్నెట్ తీసేసి గేమ్‌లకి మాత్రమే వాడండి, బ్యాంకు పనులు దాంట్లో అసలు పెట్టుకోవద్దు. ఇదే డ్రైవర్‌ని విండోస్ 10లోకి బలవంతంగా ఎక్కించే పద్ధతులు ఇంటర్నెట్‌లో చెబుతుంటారు, దానికి డ్రైవర్ నమ్మదగినదో కాదో విండోస్ చూసే సిగ్నేచర్ తనిఖీనే ఆపాలి. రోజూ వాడే కంప్యూటర్‌లో ఒక గేమ్ కోసం ఆ పని చేయకండి.

సెక్యూరామ్ గేమ్‌లలో కొన్ని కొత్త విండోస్‌లో నేరుగా నడుస్తాయి, కొన్ని మొండికేస్తాయి. మొండికేస్తే మొదట చూడాల్సింది మీ దగ్గర వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ (డిస్క్ కాపీ ఫైల్‌ని నిజం డిస్క్‌లా చూపించేది) ఏదైనా ఉందా అని, ఎందుకంటే డీమన్ టూల్స్ లాంటివి కనబడితే చాలు, ఒరిజినల్ డిస్క్ డ్రైవ్‌లో ఉన్నా కూడా కొన్ని వెర్షన్లు గేమ్ తెరవనివ్వవు. నడుస్తున్న ప్రోగ్రామ్‌లని చూపించే, మైక్రోసాఫ్ట్ వాళ్లదే అయిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి ఉన్నా ఒప్పుకోని వెర్షన్లున్నాయి. వాటిని మూసేసి, అవసరమైతే తీసేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. 2007 తర్వాత వచ్చిన కొన్ని గేమ్‌లలో ఆన్‌లైన్ యాక్టివేషన్ లెక్క కూడా పెట్టారు, అంటే ఇన్ని కంప్యూటర్లలోనే ఆడాలని. 2008లో వచ్చిన స్పోర్‌ని మొదట మూడు కంప్యూటర్లకే పరిమితం చేసి, జనం గొడవ చేశాక అయిదుకి పెంచారు. అలాంటి గేమ్ ఉన్న కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసే ముందు కంపెనీ ఇచ్చిన డీ-ఆథరైజేషన్ టూల్ నడిపితే ఆ లెక్క వెనక్కి వచ్చేది, ఇప్పటికీ పనిచేస్తుందేమో చూసుకోండి.

స్టార్‌ఫోర్స్ విషయంలో నా సలహా కఠినంగానే ఉంటుంది: డిస్క్ నుంచి కొత్త కంప్యూటర్‌లోకి ఇన్‌స్టాల్ చేయకండి. రష్యాకి చెందిన ఈ ప్రొటెక్షన్ తన సొంత డ్రైవర్లు దింపి, రీస్టార్ట్ అడుగుతుంది, ఆ పాత డ్రైవర్లు కొత్త విండోస్ కోసం రాసినవి కావు. దీని మీద కొనుగోలుదార్లు చేసిన గొడవ ఎంతదాకా వెళ్లిందంటే 2006 ఏప్రిల్‌లో యూబీసాఫ్ట్ దీన్ని వాడటం మానేసింది. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేసి కంప్యూటర్ ఆగిపోయి నీలం తెర మీద నీలం తెర వస్తుంటే, సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్) వెళ్లి గేమ్ తీసేసి, స్టార్‌ఫోర్స్ వాళ్లే ఇచ్చిన డ్రైవర్ రిమూవల్ టూల్‌తో శుభ్రం చేయండి. గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఆ డ్రైవర్లు పోవు. గేమ్ కావాలంటే డిజిటల్‌గా దొరికే ఎడిషన్ చూసుకోండి.

నో-సీడీ క్రాక్‌ల గురించి అడుగుతారని తెలుసు. 2008లో రెయిన్‌బో సిక్స్ వేగాస్ 2 కోసం యూబీసాఫ్ట్ తన సపోర్ట్ ద్వారా ఇచ్చిన ఫైల్‌లోనే ఒక క్రాకింగ్ గ్రూప్ గుర్తు బయటపడింది, అంటే అమ్మినవాళ్లకే దిక్కుతోచని పరిస్థితి అది. అయినా ఇవాళ వెతికితే దొరికే సైట్లలో గేమ్ ఫైల్ పేరుతో వైరస్‌లు పెట్టేవాళ్లే ఎక్కువ, యాంటీవైరస్ ఆపి నడపమని అడిగే ఏ ఫైల్‌నీ నమ్మకండి. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52, సక్రమంగా కొన్న ప్రోగ్రామ్ పోకుండా పాడవకుండా తాత్కాలిక రక్షణగా బ్యాకప్ కాపీ చేసుకోనిస్తుంది. 2012 సవరణతో వచ్చిన 65ఏ, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ప్రొటెక్షన్ ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి 1998 నాటి డీఎంసీఏ చట్టం ఇంతకంటే గట్టిది, ఉద్దేశంతో పని లేకుండా ఛేదించడమే తప్పు, మినహాయింపులు బాగా తక్కువ.

గేమ్ నడిచాక అక్కడితో ఆపకుండా డిస్క్‌కి బ్యాకప్ తీసుకోండి. మామూలు ఐఎస్ఓ (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా దాచేది) అన్నిటికీ సరిపోదు, ఎందుకంటే అందులో సబ్‌ఛానల్ సమాచారం రాదు, సీడీలో విడిగా పాటల ట్రాకులు ఉంటే అవీ రావు. 1996 నాటి క్వేక్ లాంటి గేమ్‌ని ఐఎస్ఓ చేస్తే మ్యూజిక్ మొత్తం పోతుంది, అలాంటి డిస్కులకి బిన్, క్యూ ఫైళ్ల జంట కావాలి. ప్రొటెక్షన్ ఉన్న డిస్క్ అయితే క్లోన్‌సీడీ ఫార్మాట్ గానీ, ఆల్కహాల్ వాళ్ల ఎండీఎస్, ఎండీఎఫ్ జంట గానీ వాడండి, చదివే స్పీడ్ తగ్గించండి, సేఫ్‌డిస్క్ అయితే ఆ చదవలేని సెక్టార్ల దగ్గర కదలకుండా చాలాసేపు ఆగుతుంది, హ్యాంగ్ అయిందని క్యాన్సిల్ చేయకండి. విండోస్ తనంతట తాను ఐఎస్ఓ మాత్రమే తెరుస్తుంది, మిగతావాటికి విన్‌సీడీఈము అనే ఉచిత టూల్ ఉంది. అయితే ఈ బ్యాకప్ మౌంట్ చేస్తే (డిస్క్‌లా తెరిస్తే) గేమ్ చెకింగ్ పాసవుతుందని ఆశ పెట్టుకోవద్దు, చాలావాటికి కాదు. డిస్క్ పూర్తిగా పోయినా లోపలి ఫైళ్లు మీ దగ్గర ఉంటాయి, రేపు అధికారిక ప్యాచో, కొత్త టూలో వస్తే పనికొస్తాయి, అందుకోసమే ఇది.

డిస్క్‌ని తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత డేటా వెంబడే పోతుంది, డ్రైవ్ దాన్ని సరిదిద్దుకోలేదు. సీడీలో డేటా పొర ఉండేది లేబుల్ కిందే, కింది వైపు కాదు. అందుకే బొమ్మ ఉన్న వైపు పడిన గీత ఎక్కువ ప్రమాదం. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూస్తే సూది మొనంత వెలుగు చుక్కలు కనబడుతున్నాయంటే అక్కడ పొర ఊడిపోయినట్టే, పేస్ట్ పెట్టి రుద్దినా ఏ పాలిష్ చేసినా అది తిరిగి రాదు, అలాంటి డిస్క్‌కి ఆ రోజే బ్యాకప్ తీయండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బీరువాలో పెడితే బూజు పడుతుంది, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. సీరియల్ కీ చాలావరకు మాన్యువల్ వెనకో, డబ్బా లోపలి స్టిక్కర్ మీదో ఉంటుంది, ఆ ఇంకు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. ఫోటో తీసి, 8కి బీకి, సున్నాకి ఓకి తేడా తెలిసేలా విడిగా టైప్ కూడా చేసి పెట్టుకోండి.

ఆఖరి పని: ఏ గేమ్, ఏ ప్రొటెక్షన్, ఏ ప్యాచ్ వేశారు, ఏ టూల్ ఏ వెర్షన్‌తో నడిచింది, ఇవన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి, ప్యాచ్, టూల్, కీ ఫోటోతో సహా బ్యాకప్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టి, ఆ ఫోల్డర్‌ని ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కూడా కాపీ చేయండి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చాక గేమ్ మళ్లీ మొరాయిస్తే మొదటి నుంచి వెతుక్కునే టెన్షన్ ఉండదు.